జలాశయములో చేపల పంట: పిల్ల కొలత, వల కన్ను

కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ చేతులమీదుగా కుడి, ఎడమ కాలువలకు నీరు విడువబడినది. ఆనాటి నుండి ఈ నీరు లక్షల ఎకరముల భూమిని పండించుచున్న సంగతి అందరికిని తెలిసినదే. అదే నీటిలో మరియొక పంట పెరుగుచున్నదని మాత్రము కాలువ క్రింది రైతుకు అంతగా తట్టదు. అది చేపల పంట. దానికి దుక్కి అక్కరలేదు, కలుపు తీయనక్కరలేదు. కాని విత్తనము కావలెను, కాపలా కావలెను, కోతకు తగిన అదను కావలెను. పచ్చికంకులను కోసికొని అమ్ముకొను రైతు ఎక్కడను ఉండడు. జలాశయములో మాత్రము ఆ పనియే యేటేటా జరుగుచున్నది. ఈ వ్యాసమునకు కారణము అదియే.

నీరెంత, చేప యెంత

సాగరు నిండు మట్టము 590 అడుగులు. ఆ మట్టమున నీరు సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర, అనగా 28,500 హెక్టార్లు, పరచుకొనును. ఎకరములలో చెప్పవలెనన్న 70 వేలకు పైమాట. ఇంత నీటిలో చేపలు కుప్పలు తెప్పలుగా ఉండునని చూచువారికి తోచును. లెక్క చూచిన యెడల సంగతి వేరు.

మన దేశపు జలాశయములను మత్స్యశాస్త్రజ్ఞులు మూడు తరగతులు చేసినారు. 1,000 హెక్టార్లకు లోబడినవి చిన్నవి. అక్కడి నుండి 5,000 హెక్టార్ల వరకు మధ్యరకము. ఆపైన పెద్దవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1995లో ప్రచురించిన వి.వి. సుగుణన్ గ్రంథములో ఈ మూడు తరగతుల సగటు దిగుబడులు ఇవ్వబడినవి. ఆనాటి లెక్క ప్రకారము చిన్న జలాశయములలో హెక్టారుకు ఏడాదికి 49.90 కిలోలు, మధ్యరకము వానిలో 12.30 కిలోలు, పెద్దవానిలో 11.43 కిలోలు. 28,500 హెక్టార్లను ఈ చివరి సగటుతో గుణించి చూచిన సుమారు 3 లక్షల 25 వేల కిలోలు తేలును. సరియైన యాజమాన్యమున్నచో పెద్ద జలాశయమున హెక్టారుకు 50 కిలోల వరకు రాబట్టవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. అప్పుడది 14 లక్షల 25 వేల కిలోలగును. ఇవి సాగరులో తూచిన లెక్కలు కావు, దేశపు సగటులను సాగరు వైశాల్యమునకు అన్వయించి చూచినవి. అయినను ఈ రెండు అంకెల నడుమనున్న అంతరము పుట్టి మీద బ్రతుకు కుటుంబముల అన్నమని గుర్తింపవలెను.

పెద్ద జలాశయము చిన్న చెరువంత యేల పండదు? ముఖ్య కారణము లోతు. చేపకు ఆహారమైన కంటికానని నాచును, దానిని తిని బ్రతుకు సూక్ష్మ జీవులును ఎండ సోకు పై నీటిలోనే పెరుగును. ఆనకట్ట దగ్గర వందల అడుగుల లోతున చీకటి తప్ప మేత లేదు. మేతయంతయు ఒడ్డు వెంబడినున్న తక్కువ లోతు నీటిలో, వాగులు వచ్చి కలియు మూలలలో ఉండును. ఆ ఒడ్డులు మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి బయటపడి ఎండిపోవును. నత్తలు, పురుగులు, నీటి మొక్కలు అన్నియు దానితో పోవును. నీటిని కాలువలకు విడువక తప్పదు. జలాశయము కట్టినది అందుకొరకే కదా! చేప ఎప్పుడును సేద్యము తరువాతనే. ఈ సంగతిని ఒప్పుకొనియే మిగిలిన పని చేసికొనవలెను.

వయసు మళ్ళిన జాలరులు, క్రొత్తలో చేపలు తెగపడినవనియు, తరువాత తగ్గిపోయినవనియు చెప్పుదురు. వారి మాట శాస్త్రమునకు సరిపోవును. క్రొత్తగా నీరు నిలిచినపుడు మునిగిన చెట్లు, గడ్డి, పొలముల మన్ను కుళ్ళి నీటికి గొప్ప సత్తువ నిచ్చును. కొన్ని సంవత్సరములు చేపలు విపరీతముగా పెరుగును. ఆ సత్తువ తరిగిన వెనుక దిగుబడి పడిపోయి, ఒక మట్టమున నిలుచును. దాదాపు ప్రతి జలాశయపు కథ ఇదియే. అటుపిమ్మట దిగుబడిని నిలుపుట మన చేతిలోని పని. ఈ విషయమై 1971లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకము ఎన్నుకొన్న జలాశయములలో నాగార్జునసాగర్ కూడ నొకటి.

విత్తనము వ్రేలెడు ఉండవలెను

మనకు విలువైన చేపలు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. వీనినే కట్ల, రోహు, మృగాల అందురు. ఇవి నిలువ నీటిలో గుడ్డు పెట్టవు. తొలకరి వరద వచ్చినపుడు ప్రవాహమునకు ఎదురెక్కి, పారు నీటిలో, మునిగిన పల్లపు నేలలపై గుడ్డు విడుచును. ఎగువన శ్రీశైలము ఆనకట్ట వచ్చిన తరువాత ఆ దారి మరింత కురుచయైనది. కావున విత్తనము మనము తెచ్చి పోయవలసినదే.

ఒకప్పుడు విత్తనము నదులలో పట్టినదే గతి. వరద నీటిలో సన్నని గుడ్డ వలలు కట్టి పట్టెడివారు. అందులో మంచి జాతి పిల్ల యేదో, వాలుగ పిల్ల యేదో పెరిగినగాని తెలిసెడిది కాదు. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టరు హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి, మన పెద్ద జాతి చేపలచేత చెరువులోనే గుడ్డు పెట్టించినారు. నేడు జూలై 10వ తేదీని జాతీయ మత్స్య రైతుల దినోత్సవముగా జరుపుకొనుట దానిని పురస్కరించుకొనియే. ఆ పద్ధతి వలననే ఇప్పుడు కైకలూరు, కొల్లేరు ప్రాంతముల నుండి లారీల కొలది చేపపిల్ల దూర జిల్లాలకు పోవుచున్నది. విత్తనమునకు కరువు లేదు. కొలతకే కరువు.

చెరువులో పోయు పిల్లను జలాశయములో పోసిన యెడల అది శత్రువులకు ఆహారమగును. వాలుగ, కొర్రమీను, పెద్ద జెల్లలు తమ నోటికి పట్టిన ప్రతి పిల్లను మ్రింగును. అంగుళము పిల్ల వానికి అటుకుల వంటిది. నాలుగంగుళముల పిల్ల, అనగా 100 మిల్లీమీటర్లది, తప్పించుకొని పోగల సత్తువ కలది. కావుననే ఎండిపోవు చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్లు, ఏడాది పొడుగునా నీరుండు చెరువులకును జలాశయములకును 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్ల అని, 2016లో ఉచిత పంపిణీ మొదలుపెట్టిన తెలంగాణ రాష్ట్రము కొలతలు పెట్టినది. కాగితము మీద కొలత బాగుగనే యున్నది. అది రేవు దగ్గర కూడ నిలువవలెను.

పెద్ద పిల్లకు ధర యెక్కువ గదా యని సంఘములు వెనుకాడుట కలదు. ఒక చిన్న లెక్క వేసి చూతము. హెక్టారుకు 25 కిలోల దిగుబడి అదనముగా కావలెననుకొందము. చేప ఒక్కొక్కటి కిలో పెరిగి పట్టుబడుననుకొందము. అప్పుడు హెక్టారుకు 25 చేపలు చేతికి రావలెను. వ్రేలెడు పిల్ల నాలుగింటిలో ఒకటి దక్కిన యెడల 100 పిల్లలు చాలును. అంగుళము పిల్ల ఇరువదింటిలో ఒకటి మాత్రమే దక్కిన యెడల 500 పోయవలెను. 28,500 హెక్టార్లకు మొదటి లెక్కన 28 లక్షల 50 వేలు, రెండవ లెక్కన 1 కోటి 42 లక్షల 50 వేల పిల్లలు. ఇది కేవలము ఉదాహరణ. దక్కు పాలు నీటిని బట్టి, శత్రు చేపలను బట్టి మారును. అయినను చౌక పిల్ల నిజముగా చౌకయో కాదో సంఘపు పెద్దలు ఈ విధముగా వేసికొని చూడవచ్చును.

పిల్ల వచ్చిన దినమున సంఘమువారు రేవునకు పోయి స్వయముగా చూచుకొనవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయములు ఏర్పడినపుడు గ్రామ మత్స్య సహాయకులను నియమించినారు. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి కలడు. వారిని కూడ పిలిచి ఎదుట నిలుపుకొనుట మేలు. అన్ని సంచులనుండియు కొద్దికొద్దిగా తీసి నూరు పిల్లలను తడిపిన కొలబద్దపై కొలువుడు. ఒక్క సంచిలోనివే, పైకి కనబడునవే కొలిచిన ప్రయోజనము లేదు. లెక్కకు ఒక జల్లెడ గిన్నె తీసికొని, ఒక గిన్నెలో ఎన్ని పట్టుచున్నవో మూడుసార్లు లెక్కించి సగటు కట్టి, ఎన్ని గిన్నెలు పోసినారో గీతలు గీసికొనవలెను. కొలతలును లెక్కయు కాగితము మీద వ్రాసి అందరును సంతకములు చేసిన తరువాతనే పిల్లను నీట విడువవలెను. విడిచిన వెనుక తగాదా పెట్టుకొని లాభము లేదు. నీటిలోనికి పోయిన పిల్లను ఎవరు లెక్కింపగలరు?

రాత్రంతయు లారీలో ప్రాణవాయువు నింపిన సంచులలో వచ్చిన పిల్ల అలసి యుండును. సంచి విప్పి ఒక్కసారి కుమ్మరించరాదు. మూతి కట్టియున్న సంచులనే పావుగంట, ఇరువది నిమిషములు జలాశయపు నీటిలో తేలవిడిచి, లోపలి వేడిమియు బయటి వేడిమియు సమమైన పిదప మూతి విప్పి, కొంచెము కొంచెముగా బయటి నీరు కలిపి, పిల్ల తనంతట తాను ఈదిపోవునట్లు సంచిని వంచవలెను. తెల్లవారుజామున గాని, సాయంకాలమున గాని చేయవలసిన పని ఇది. ఆనకట్ట దగ్గర, కాలువ తూముల దగ్గర వదలరాదు. ఎగువ మూలలలో, గాలి తాకిడి లేని చోట, పలు తావుల పంచి వదలవలెను.

అదను మాట కూడ ముఖ్యమే. వరద పోటెత్తి గేట్లు ఎత్తియుంచిన దినములలో పిల్లను వదలుట దానిని దిగువకు సాగనంపుటయే. గేట్లు దించి, నీరు తేరిన వెనుక వదలవలెను. అట్లని శీతకాలమంతయు గడపి, నీరు తగ్గి ఒడ్డులు బయటపడు వేళకు తెచ్చినను మేత చాలదు. పంపిణీ వారి సౌకర్యమును బట్టి కాక నీటి మట్టమును బట్టి తేదీని అడిగి పెట్టించుకొనుట సంఘము వారి హక్కు.

పెద్ద పిల్లను దూరమునుండి తెచ్చుట ఖర్చుతో కూడినది, చావులును ఎక్కువ. దీనికి మార్గము జలాశయపు ఒడ్డుననే పెంచుకొనుట. నీరు లోనికి చొచ్చుకొని వచ్చిన మూల నొకదానిని చూచి, వెదురు కర్రలు పాతి, సన్న వల చుట్టి దడి కట్టి, లోపలి శత్రు చేపలను లాగివేసి, అంగుళము పిల్లను అందులో పోసి, తవుడు, చెక్కపిండి మేపి రెండు మూడు నెలలలో వ్రేలెడు చేసి వదలవచ్చును. నీరు తటాలున తగ్గు చోట దడి పనికిరాదు, తేలు పంజరములు వాడవలెను. పంజరములలోనే చేపలను కడవరకు పెంచి అమ్ము పద్ధతియు ఇటీవల వ్యాపించినది. అది పెట్టుబడి గలవారి పని. పేద జాలరికి దడిలో పిల్ల పెంపకము అందుబాటులోనిది, ఆడవారికిని ఇంటి దగ్గర పని కల్పించునది.

నీలకంఠ రొయ్య పిల్లను కూడ జలాశయములలో వదలుచున్నారు. దీనికి ధర మెండు. కాని దాని పిల్ల పుట్టుటకు ఉప్పు కలిసిన నీరు కావలెను. జలాశయములో అది పెరుగునే గాని వృద్ధి చెందదు. ఏటేటా పోయవలసినదే.

వల కన్ను

సాగరుపై సాయంకాలము పుట్టిలో భార్యాభర్తలు బయలుదేరుట పరిపాటి. ఆమె తెడ్డు వేయును, అతడు వల విడుచును. వెదురు బద్దలతో అల్లి, పట్టాతో కప్పి, తారు పూసిన ఈ గుండ్రని పుట్టి, మునిగిన కొండలు, మోళ్ళు గల నీటిలో ఏ పడవకును తీసిపోదు. రాత్రి నీటిలో నిలిపిన మొప్పవలను తెల్లవారుజామున ఎత్తుదురు. తీర జిల్లాలనుండి వలస వచ్చి ఇక్కడ నిలిచిన కుటుంబములు కూడ ఈ పనిలో కలవు. వీరి వేట వలన జలాశయమునకు చెరుపు లేదు. మొప్పవల తన కంటికి సరిపడు చేపనే పట్టును. చిన్నది దూరిపోవును, మరీ పెద్దది తగిలి తిరిగిపోవును.

వల కన్నును ఎన్నుకొనుటకు ఒక సులభోపాయము. ఏ పరిమాణపు చేప కావలెనో దానిని తీసికొని మొప్పల వెనుక దారము చుట్టి కొలువుడు. మరల పొట్ట యెక్కువ లావుగా నున్న చోట చుట్టి కొలువుడు. వల కన్ను చుట్టుకొలత ఈ రెంటికి నడుమ ఉన్నచో చేప తల దూరును, ఒడలు దూరదు. కన్నును లాగిపట్టి ముడి నుండి ఎదుటి ముడి వరకు కొలిచినది చుట్టుకొలతలో సగము. దారము మొప్పల దగ్గర 9 అంగుళములు, పొట్ట దగ్గర 11 అంగుళములు వచ్చినదనుకొనుడు. నడిమిది 10 అంగుళములు. అప్పుడు లాగి కొలిచిన కన్ను 5 అంగుళములు ఉండవలెను. వల కొనునపుడు దుకాణదారు చెప్పు కొలత లాగినదో, ఒక ప్రక్క ముడి నుండి ముడికో అడిగి తెలిసికొనవలెను. ఈ రెండింటికిని రెట్టింపు తేడా కలదు.

అలివి వల సంగతి వేరు. దానికి కన్ను ఉన్నను లేనట్టే. దోమతెర వంటి వలను వందల గజముల పొడవున పడవపై కొనిపోయి, నీటిని చుట్టి, పదిమంది రెండు కొసలు పట్టి ఒడ్డునకు లాగుదురు. మేత యంతయు ఒడ్డుననే యున్నదని పైన చెప్పితిమి. పిల్ల యంతయు అక్కడనే ఉండును. అలివి లాగునదియు అక్కడనే. ప్రభుత్వము లక్షలు పెట్టి కొని వదలిన పిల్ల మూడు నెలలు తిరుగకుండ ఆ వలలో పడి, ఎండి, గోనెల కెక్కి పోవును. ఇది వదంతి కాదు. కృష్ణపై శ్రీశైలము, సాగరు జలాశయములలో అలివి వలలు నిషేధింపబడినవి. నిషేధమున్నను పట్టుబడుచుండుట పత్రికలలో తరచు వచ్చు వార్త.

ఒక లాగుడులో 100 కిలోల బొచ్చె పిల్ల పడినదనుకొందము. పిల్ల యొకటి 100 గ్రాములు. అనగా వేయి పిల్లలు. వీనిని నీటిలోనే విడిచిన యెడల మరియొక ఏడాదికి సగము చచ్చిపోయినను 500 మిగులును. ఒక్కొక్కటి కిలో పెరుగును. అందులో సగమే వలకు దొరకినను 250 కిలోలు. పైగా చిన్నచేప ధర వేరు, కిలో బొచ్చె ధర వేరు. నూరు కిలోల చవుక సరుకు కొరకు ఇన్నూట యేబది కిలోల మంచి సరుకును పోగొట్టుకొనుచున్నాము. అందులోను ఆ నూరు కిలోలు ఒక ముఠావి, ఈ రెండువందల యేబది జలాశయమంతటి మీద బ్రతుకు పుట్టివారివి.

అలివి లాగువారు చెప్పు మాటను కూడ వినవలెను. ఎంత కాలమైనను జానెడు మించని పరిగెల వంటి చిన్న జాతులు జలాశయమున విస్తారముగా ఉన్నవి. అవి పెద్ద చేపల మేతను పంచుకొనుచున్నవి. వానిని పట్టుటకు సన్న వల కావలెను గదా యని వారి వాదము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని అలివి వల పరిగెను, బొచ్చె పిల్లను వేరు చేయదు. ఒడ్డునకు లాగిన వెనుక ఏరి విడిచినను పొలుసు ఊడి, మొప్పలలో బురద క్రమ్మిన పిల్ల బ్రతుకదు. చిన్న జాతులను పట్టదలచినవారు పిల్ల వదలని తావులలో విసురువలతో, మావులతో పట్టుకొనవచ్చును. వాలుగను గాలపు త్రాళ్ళతో పట్టినచో పిల్లకు శత్రువును తగ్గును, జాలరికి మంచి ధరయు వచ్చును.

రెండు ఒడ్డులు, ఒకే నీరు

2014 జూన్ 2వ తేదీ నుండి సాగరుకు ఎడమ ఒడ్డు తెలంగాణది, కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది. నల్లగొండ వైపు ఒక శాఖ, పల్నాడు వైపు మరియొక శాఖ. చేపకు ఈ సరిహద్దు తెలియదు. ఒక ఒడ్డువారు పోసిన పిల్లను ఆవలి ఒడ్డువారు పట్టుటయు, ఈవల తరిమిన అలివి ముఠా ఆవల తేలుటయు సహజమే. మా పిల్ల, మీ పిల్ల అను వాదమునకు దిగినచో ఉభయులును పోయుట మానుకొందురు. రెండు వైపుల సంఘములు వేట ఆపు దినములను, వల కన్నును ఒకే తీరున నిర్ణయించుకొని, రెండు శాఖలకును ఒకే అర్జీ పెట్టుకొనుట మొదట జరుగవలసిన పని. అధికారులకంటె ముందు జాలరులే చేయగల పని కూడ ఇదియే. రెండు ఒడ్డులలోను చుట్టరికములు కలవు.

వర్షారంభమున, సాధారణముగా జూలై, ఆగస్టు మాసములలో, గుడ్డుతో నున్న చేప ఎదురెక్కును. ఒక కిలో బరువు గల శీలావతి కడుపులో లక్షకు పైగా గుడ్లుండును. ఆ దినములలో వేట ఆపవలెనని నిబంధన. తమ జలాశయమునకు ఆ యేడు ప్రకటించిన తేదీలను గ్రామాధికారి చావడిలోను, రేవులోను వ్రాయించి పెట్టవలెను. తెలియదని చెప్పు వీలు ఎవరికిని ఉండరాదు. రెండు నెలలు వల ఆపిన యింట పొయ్యి ఎట్లు వెలుగునన్న ప్రశ్న న్యాయమైనది. సంఘమున వేటకాలమంతయు కిలోకు ఇంత అని నిలువ ఉంచి, ఆ రెండు నెలలు పంచుకొను ఏర్పాటు చేసికొన్నచో నిబంధన తనంతట నిలుచును. చేసికొననిచో పోలీసు వారు వచ్చినను నిలువదు.

ప్రేలుడు మందుతోను, విషముతోను చేపలను చంపుటను 1897 నాటి మత్స్య చట్టమే నేరముగా చేసినది. మందు పేలినపుడు పైకి తేలునవి కొన్నియే. చచ్చి అడుగునకు దిగునవి ఎవరికిని దక్కవు. చేతులు పోగొట్టుకొన్నవారును కలరు. ఇట్టి సంగతి తెలిసి ఊరకుండుట గ్రామాధికారికి తగదు.

నీరు తగ్గినపుడు బయటపడు శిఖము భూములను దున్నువారికి ఒక మాట. ఆ మన్ను సారవంతమైనది, పైరు బాగుగ వచ్చును. కాని అక్కడ చల్లిన పురుగు మందు ఆషాఢ శ్రావణములలో నీరు తిరిగి ఎక్కునపుడు జలాశయములోనే కలియును. చేపపిల్లకు మొదట మేతనిచ్చు నేల అదియే. అక్కడ మందు అవసరము లేని పైరులను వేసికొనుట ఉత్తమము. ఖాళీ డబ్బాలను ఒడ్డున పారవేయరాదు, పిచికారిని ఆ నీటిలో కడుగరాదు.

సంఘము, షావుకారు

అలివి వల లాగువారిలో పలువురు వల యజమానులు కారు. వల, పడవ, తిండిగింజలు ఎవరో ముందుగా ఇచ్చి, పట్టిన సరుకు తనకే తూయవలెనని, తాను చెప్పిన ధరకే తూయవలెనని కట్టడి చేయును. అప్పు తీరదు. తీరనంతకాలము వల ఆగదు. పుట్టివాని పరిస్థితియు చాలచోట్ల ఇంతే. బయానా తీసికొన్నవాడు సంతలో ధర యెంతయున్నను అడుగలేడు. కన్ను చిన్నదగుటకు మూలము ఇక్కడ ఉన్నది. వారమునకు ఇంత సరుకు తూయనిదే అప్పు వాయిదా చెల్లని మనిషికి, ఏడాది ఆగిన బొచ్చె కిలో తూగునని చెప్పి ఏమి లాభము? కావున వలలను పట్టుకొని కాల్చుటతోనే పని తీరినదనుకొనరాదు. వల వెనుకనున్న బయానాను తీర్చు మార్గము చూడవలెను.

సహకార సంఘమునకు రెండు ఆయుధములు కలవు. ఒకటి వలలు కొనుటకు సభ్యునికిచ్చు అప్పు. రెండవది రేవులోని కాటా. సంఘపు కాటా రేవులో ఉండి, తూచిన వెంటనే చీటీ వ్రాసి ఇచ్చి, మంచు పెట్టెలో సరుకు నిలుపగలిగినచో షావుకారు ధర కొంత కొంతగా సంత ధరకు దగ్గరకు వచ్చును. మంచు విషయమున పొదుపు పనికిరాదు. ఎండకాలమున చేపకు సమముగా మంచు వేయవలెను. పెద్ద చేపకు కడుపు తీసి, కడిగి, కడుపులో కూడ మంచు నింపవలెను. తెల్లవారుజామున ఎత్తిన చేప పదిగంటలకు ఎండలో పుట్టి అడుగున పడియున్నచో దాని ధరలో సగము అక్కడనే కరిగిపోయినట్లు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైనది. దానిక్రింద జాలరులకు ప్రమాద భీమా ఏర్పరచబడినది. ప్రమాదమున మరణించినను, పూర్తిగా అంగవైకల్యము కలిగినను 5 లక్షల రూపాయలు, పాక్షిక శాశ్వత వైకల్యమునకు 2 లక్షల 50 వేలు అని నిర్ణయించినారు. జాలరి పేరు భీమాలో చేరియున్నదా లేదా అన్నది ప్రమాదము తరువాత కాక ముందే చూచుకొనవలెను. వైశాఖ మాసపు సాయంకాలపు గాలివానలలో సాగరు సముద్రము వలె లేచును. పుట్టిలో ఇద్దరుందురు. భర్త పేరు మాత్రమే వ్రాయించి, తెడ్డు వేయు భార్య పేరు వదలిన సంఘములు కలవు. ఆమెయు సభ్యురాలు కావలెను, ఆమెకును తేలుచొక్కా ఉండవలెను.

ఇక సంఘమునందు ఉండవలసిన పుస్తకము. ఏ తేదీన, ఎచట, ఏ జాతి పిల్ల, ఎంత కొలతది, ఎంత పోసినారో ఒక పుట. రేవులో దినదినము తూచిన సరుకు జాతివారీగా మరియొక పుట. వారమున కొకసారి కాటా దగ్గర ఏబది బొచ్చెలను, ఏబది శీలావతులను విడివిడిగా తూచి సగటు బరువు వ్రాయవలెను. సగటు బరువు ఏటేటా తగ్గుచున్న యెడల వల కన్ను చిన్నదగుచున్నదని గాని, పిల్ల మేతకు మించి పోయబడుచున్నదని గాని తెలియును. బరువు నిలిచియుండి చేపల సంఖ్య తగ్గుచున్న యెడల పిల్ల దక్కుట లేదని తెలియును. ఏది యెట్లున్నదో చూచి మరుసటి యేటి విత్తనపు అర్జీని, కావలసిన కొలతతో సహా, తొలకరికి ముందే జిల్లా మత్స్యశాఖ కార్యాలయమునకు పంపవలెను.